గడ్డికోత ఇంజను స్టార్టు కాకపోతే ముందు ఏమి చూడాలి?

పాలసంఘాల సభ్యులలో చాలామంది ఇప్పుడు పచ్చిమేతను చిన్న డీజిల్ ఇంజనుతో నడిచే కోత యంత్రంతో కోస్తున్నారు. కొందరికి సొంత యంత్రాలున్నాయి. కొన్నిచోట్ల సంఘమే ఒకటి కొని సభ్యులకు వంతులవారీగా ఇస్తున్నది. యంత్రం సరిగా నడిచినంతకాలం దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఒక చలి ఉదయం ఎన్నిసార్లు తాడు లాగినా ఇంజను పలకకపోతే మాత్రం ఇంటిల్లిపాదికీ అదే పని అవుతుంది. కొట్టంలో గేదెలు గాటి వైపు చూసి అరుస్తుంటాయి. అవతల పాలు పోసే వేళ దాటిపోతుంటుంది.

ఆ పూట ఎండుగడ్డితో సరిపెడితే పాలు తగ్గుతాయి. అది ఒక నష్టం. ఇంకొకటి అంతకంటె పెద్దది. యంత్రం మొరాయించిన రోజున దగ్గరలో కనిపించినదేదో కొడవలితో కోసుకురావడం సహజం. ఆ దొరికినది మోకాలెత్తు లేత జొన్న అయినా, నీళ్ళు లేక వాడిన జొన్న అయినా, కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలక అయినా అందులో నాము ఉంటుంది. నాము తిన్న పశువు వైద్యుడు వచ్చేలోగానే పడిపోవచ్చు. ఇక బాగుచేయించడం వాయిదాపడి, 45 రోజులకు కోయవలసిన నేపియరు రెండు మూడు వారాలు ఆగితే కాడ ముదిరి సగం గాటిలోనే మిగిలిపోతుంది. కనుక ఇంజను సంగతి మేత సంగతే.

ఇక్కడ మేము చెప్పబోయేది తాడు లాగి నడిపే, గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజనుల గురించి. గడ్డికోత యంత్రాలకు, పవర్ వీడర్లకు ఎక్కువగా ఇవే ఉంటున్నాయి. హ్యాండిల్ తిప్పి నడిపే 5 హెచ్.పి. ఇంజనులకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. డీజిల్ ఇంజనులో రవ్వ లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ పందొమ్మిది, ఇరవై రెట్లు చిన్నదయ్యేలా నొక్కుతుంది. అలా నొక్కబడిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. సరిగా అదే క్షణాన నాజిల్ డీజిలును పొగమంచులా చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. అంటే గాలి ఎక్కడా కారకుండా నొక్కబడాలి, వేడి చల్లారేలోగా నొక్కబడేటంత వేగం ఉండాలి, డీజిల్ సన్నగా వేళకు పడాలి. స్టార్టు కాని ఇంజనులో ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పింది. ఏది తప్పిందో పానా పట్టకుండానే చాలావరకు తెలుసుకోవచ్చునన్నదే మేము చెప్పదలచుకున్న మాట.

తాడు లాగే పద్ధతి

మేము చూసినంతలో స్టార్టు కాని ఇంజనులలో కొన్నిటికి అసలు రోగమే లేదు, లాగే పద్ధతి సరిగా లేదు. ముందుగా క్లచ్ విడిపించి, కత్తికీ ఇరుసుకీ చుట్టుకున్న గడ్డిని తీసివేయాలి. డీజిల్ కాక్ తెరవాలి. వేగపు లివరును స్టార్టు దగ్గరకు తెచ్చి బిగించాలి. ఇప్పుడు తాడును మెల్లగా లాగుతూ పోతే ఒకచోట గట్టిగా పట్టేస్తుంది. అక్కడ ఆపి, తాడును చేతితో పట్టుకునే నెమ్మదిగా లోపలికి పోనివ్వాలి. తరువాత డీకంప్రెషన్ లివరును కిందికి నొక్కాలి. అది అలాగే నిలిచి, తాడు లాగినప్పుడు తనంతట తానే లేస్తుంది. ఇక రెండు చేతులతో తాడును చివరిదాకా ఒకే ఊపున లాగాలి.

ఆ లివరు ఎగ్జాస్టు వాల్వును కొద్దిగా తెరచి ఉంచుతుంది. దానివల్ల ఎదురుతోపు లేక చక్రం జోరందుకుంటుంది. లివరు లేచేసరికి ఆ జోరే పిస్టనును గట్టి చోటు దాటిస్తుంది. లివరు వేయకుండా సగం తాడుతో కుదుపు కుదుపుగా లాగేవారికి భుజం నొప్పి తప్ప ఫలితం ఉండదు. లివరు తుప్పు పట్టి తిరిగి లేవకపోతే గాలి నొక్కబడదు, ఎంత బలమైనవాడు లాగినా ఇంజను నడవదు. దానిని రెండుమూడుసార్లు ఆడించి చూడడానికి అర నిమిషం చాలు.

ఒక సంఘంలో ఒక ఉదయం ఆరుగురు వంతులు వేసుకుని తాడు లాగారు. తాడు తెగింది. కొత్త తాడు వేసి మళ్ళీ లాగారు. తరువాత వారిలో కొంత పనితనం ఉన్న ఒకతను పంపు బోల్టులు విప్పాడు. పంపు కింద పలుచని రేకులుంటాయి, డీజిల్ ఏ క్షణాన పడాలో నిర్ణయించేవి అవే. వాటిలో ఒకటి గడ్డిలో పడి కనిపించలేదు. తీరా చూస్తే టాంకు కింద డీజిల్ కాక్ మూసి ఉంది. ముందురోజు వాడిన సభ్యుడు పద్ధతి ప్రకారమే దానిని మూసి వెళ్ళాడు. కాక్ సంగతి ఎవరో ఒకరు చూసే ఉంటారని ఆరుగురూ అనుకున్నారు. కాక్ తెరచినందువల్ల పని కాలేదు. అప్పటికే రేకు పోయి వేళ తప్పింది కదా. మెకానిక్కు రెండుసార్లు రావలసి వచ్చింది, మేత నాలుగు రోజులు కొడవలితోనే కోశారు. డీజిల్ పంపు, నాజిల్ ఇంటిదగ్గర విప్పవలసినవి కావని మేము గట్టిగా చెప్పడానికి ఇటువంటి ఉదాహరణలే కారణం.

చేయి, చెవి, కన్ను

లివరు నొక్కకుండా తాడును మెల్లగా లాగితే ఒకచోట ఎవరో పట్టుకున్నట్లు ఆగాలి. అలా ఆగితే కంప్రెషన్ బాగున్నట్లే. ఎక్కడా ఆగకుండా తాడు సులువుగా వచ్చేస్తుంటే గాలి కారిపోతున్నదని అర్థం. ఒకరు తాడు లాగుతుండగా మరొకరు చెవి పెట్టి వినాలి. బుస్సుమనే శబ్దం సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, ఎయిర్ క్లీనరులో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడ వినిపిస్తే రింగులు అరిగినట్లు. వాల్వు సందు అసలు లేకుండా పోయినా వాల్వు మూసుకోదు. ఈ తరహా ఇంజనులలో చల్లగా ఉన్నప్పుడు ఈ సందు 0.15 మిల్లీమీటరు ఉండడం మామూలు. మీ ఇంజను పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి.

చలికాలంలో ఉపయోగపడే చిట్కా ఒకటి ఉంది. వాల్వుల మూతపై చిన్న రబ్బరు బిరడా ఉన్న ఇంజనులలో ఆ బిరడా తీసి 2 మిల్లీలీటర్లు, అంటే అర చెంచాకు లోపు ఇంజన్ ఆయిల్ వేసి బిరడా మళ్ళీ పెట్టాలి. లోపలికి చేరిన ఆయిల్ రింగుల సందులను మూస్తుంది. దానితో తాడు బిగుతుగా మారి ఇంజను నడిచిందంటే రింగుల పని రానున్నదని గుర్తుపెట్టుకోవాలి. తేడా ఏమీ లేకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. మంచిదన్నారు కదా అని అంతకంటె ఎక్కువ పోయరాదు. ద్రవాన్ని నొక్కడం పిస్టను వల్ల కాదు, ఏదో ఒకటి వంగుతుంది.

ఇక నాజిల్ చప్పుడు. తాడును లాగుతున్నప్పుడు నాజిల్ దగ్గర కిర్రుమని చిన్న చప్పుడు వినిపించాలి. సుమారు 200 కిలోల ఒత్తిడితో డీజిల్ సన్నని రంధ్రాల గుండా చిమ్ముకుపోయేటప్పుడు వచ్చే చప్పుడది. అలవాటైన మెకానిక్కు ఇంజను దగ్గరకు రాగానే చేసే మొదటి పరీక్ష అదే. చప్పుడు లేకపోతే డీజిల్ రావడం లేదు, లేదా లైనులో ఎయిర్ పట్టింది.

పొగ అన్నిటికంటె స్పష్టంగా చెబుతుంది. పది లాగుళ్ళకు కూడా సైలెన్సరు నుండి ఏ పొగా రాకపోతే డీజిల్ లోపలికి చేరలేదు. అప్పుడు కంప్రెషన్ గురించి ఆలోచించడం వృథా, టాంకు నుండి మొదలుపెట్టాలి. తెల్లపొగ వస్తూ ఇంజను అందుకోకపోతే డీజిల్ చేరుతున్నది కాని మండడం లేదు. చలి, తక్కువ కంప్రెషన్, డీజిలులో నీళ్ళు, సరిగా చిమ్మని నాజిల్, తప్పిన వేళ దీనికి కారణాలు. నల్లపొగతో తన్నుకుని ఆగిపోతుంటే గాలి చాలడం లేదు. ఎయిర్ క్లీనరు తీసి చూస్తే జొన్న నూగు, గడ్డి పొట్టు పరుపులా పేరుకుని ఉంటుంది. ఎండిన గడ్డిలో పనిచేసిన రోజున దీనిని తప్పక దులపాలి. నీలిపొగ ఇంజన్ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. స్టార్టు కాకపోవడానికి అది సూటి కారణం కాకపోయినా అరిగిన రింగుల సంగతి చెబుతుంది.

డీజిలులో నీళ్ళు

పాలలో నీళ్ళు కలిపితే పైకి తెలియదు, లాక్టోమీటరు ముంచాలి. డీజిలులో నీళ్ళు అంత తెలివిగా దాక్కోలేవు. టాంకు అడుగునుండి గాజుసీసాలోకి కొంత డీజిల్ పట్టి పది నిముషాలు కదపకుండా ఉంచితే నీళ్ళు అడుగున వేరుపడి కనిపిస్తాయి. సగం ఖాళీగా ఉన్న టాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ చెమ్మగా దిగుతుంది. నెలలు గడిచేసరికి ఆ చెమ్మే నీరవుతుంది. ఆ నీరు పంపులోకి పోతే తుప్పు పడుతుంది. పంపు లోపలి భాగాలు ఎంత దగ్గరగా అమరి ఉంటాయంటే కంటికి కనిపించని తుప్పు కూడా వాటిని పట్టేస్తుంది.

టాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ఇంజను స్టార్టు అవుతుంది, కొద్దిసేపు నడుస్తుంది, ఆగిపోతుంది. ఇక ఎంత లాగినా రాదు. కాస్త ఆగి మూత తీసిపెడితే మళ్ళీ నడుస్తుంది. దీనికోసం పంపు మార్పించినవారు ఉన్నారు.

టాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే డీజిల్ పోసినంత మాత్రాన చాలదు, ఎయిర్ తీయాలి. కాక్ తెరచి, పంపులోకి వచ్చే పైపు నట్టును కొద్దిగా వదులు చేయాలి. బుడగలు ఆగి డీజిల్ నిండుగా కారేదాకా ఉంచి బిగించాలి. తరువాత నాజిల్ దగ్గర పైపు నట్టును ఒక చుట్టు వదులు చేసి, డీకంప్రెషన్ లివరును నొక్కి పట్టుకుని తాడును మెల్లగా కొన్నిసార్లు లాగాలి. అక్కడ డీజిల్ చుక్కలుగా వచ్చిన తరువాత బిగించి, మళ్ళీ లాగి కిర్రు చప్పుడు వినాలి. వదులైన నట్టు దగ్గరగాని, నాజిల్ ఎదుటగాని వేలు పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా చేయి తీసివేయవలసినంత దాకా రావచ్చు. అటువంటిది జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కొత్త డీజిల్ వచ్చాకే ఇంజనులు మొరాయిస్తున్నాయని కొందరు సభ్యులు అంటున్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 డీజిల్ అమ్ముతున్న మాట నిజమే. అందులో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించరాదు. కాని అంటుకునే గుణానికి ఉన్న కొలత అంతకుముందున్న దానికంటె తగ్గలేదు. స్టార్టు కాకపోవడానికి దానిని తప్పుపట్టడానికి వీలులేదు. కిరోసిన్ కలిపిన డీజిల్ సంగతి వేరు. పంపుకు, నాజిలుకు కందెన డీజిలే. కిరోసిన్ కలిపినకొద్దీ అవి అరిగిపోతాయి.

వేరుశనగ నూనెతో కూడా డీజిల్ ఇంజను నడుస్తుందట కదా అని అడిగినవారు ఉన్నారు. నడిచింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న ఇంజనును వేరుశనగ నూనెతో నడిపించారని రుడాల్ఫ్ డీజిల్ 1912లో స్వయంగా చెప్పాడు. అయితే ఆ నూనె డీజిల్ కంటె చాలా చిక్కన. చల్లని ఇంజనులో అది సన్నగా చిమ్మదు, మండగా మిగిలినది నాజిల్ మీద జిగురుగా గడ్డకడుతుంది. నూనె ధర తెలిసినవారెవరూ ఆ ప్రయత్నం చేయరనుకుంటాము.

చేయరాని పనులు

ఎయిర్ క్లీనరు తీసి గాలి దారిలో పెట్రోలు చిలకరించడం, మండుతున్న గుడ్డ పెట్టడం, స్ప్రే డబ్బాలు కొట్టడం కొన్ని ఊళ్ళలో అలవాటుగా మారింది. పెట్రోలు, స్ప్రే మందు పిస్టను పైకి చేరకముందే అంటుకుంటాయి. అప్పుడు ఇంజను వెనక్కి తన్నుతుంది, తాడు చేతిని లాగేస్తుంది, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. ఎండుమేత వాము పక్కన మండే గుడ్డ ఏమి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడపరాదు, పొగలోని విషవాయువుకు రంగు, వాసన ఉండవు. కత్తి దగ్గర చేయి పెట్టేది ఇంజను పూర్తిగా ఆగిన తరువాతనే.

బ్యాటరీ ఉన్న యంత్రాలలో టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లని పొడి తుడిచి బిగిస్తే సగం ఫిర్యాదులు తీరుతాయి. మీట పది సెకన్లకు మించి నొక్కి ఉంచరాదు.

పని లేని నెలలలో

ఎక్కువ ఇంజనులు చెడేది పొలంలో కాదు, మూల పెట్టినప్పుడు. మేత కరువైన వేసవిలో రెండు నెలలు కదలని యంత్రం తొలకరికి పలకదు. దాచేముందు టాంకును నిండుగా నింపాలి, అప్పుడు చెమ్మ దిగడానికి చోటుండదు. ఇంజనును కాసేపు నడిపి ఆపి, చల్లారాక తాడును మెల్లగా గట్టి చోటు దాకా లాగి అక్కడ వదిలేయాలి. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి కనుక తేమ సిలిండరులోకి పోదు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చేసేవారు తక్కువ.

సైలెన్సరు నోటికి గుడ్డ కట్టాలి. కందిరీగలకు ఆ గొట్టం ఇష్టమైన చోటు, మట్టిగూడు కట్టి పూర్తిగా మూసేస్తాయి. ఎలుకలు చల్లగాలి తొడుగులో పీచు చేర్చి పిల్లలు పెడతాయి. బయటికి తీసిన రోజున ఈ రెండూ చూసుకోవాలి, కట్టిన గుడ్డను కూడా మరువక తీయాలి. ఆయిల్ కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకు, ఆపైన ప్రతి 100 గంటలకు మార్చడం మంచిది. ముదిరి చిక్కబడిన ఆయిల్ చలిలో చక్రాన్ని కదలనివ్వదు.

సంఘం యంత్రమైతే ఒక పుస్తకం పెట్టక తప్పదు. ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలు నడిపారు, ఎంత డీజిల్ పోశారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు, తిరిగి ఇచ్చేనాడు ఏ లాగుడుకు స్టార్టు అయింది అన్నవి వ్రాయాలి. చివరిది చిన్న సంగతిలా కనిపిస్తుంది. రెండో లాగుడుకు అందుకునే ఇంజను నెల తిరిగేసరికి ఎనిమిదో లాగుడుకు వచ్చిందంటే కంప్రెషనో, నాజిలో దెబ్బతింటున్నదని ఆగిపోకముందే తెలుస్తుంది. పుస్తకం లేనిచోట ఇంజను చెడితే మొదట తేలవలసిన ప్రశ్న ఏ భాగం చెడిందనేదికాక ఎవరి వంతులో చెడిందనేది అవుతున్నది. ఆ తగవు మెకానిక్కు తీర్చగలిగింది కాదు.

మరొక మాట పాలకు సంబంధించినది. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. ఇంజను దగ్గర పనిచేసిన చేతులను సబ్బుతో రుద్ది కడుక్కోకుండా పొదుగు ముట్టరాదు. డీజిల్ డబ్బాను పాలగది, కొట్టం రెండింటికీ దూరంగా ఉంచాలి. డీజిలుకు ప్రత్యేకమైన డబ్బా, గరాటు పెట్టుకున్న సభ్యులు చాలామంది ఉన్నారు. పాలక్యాను మూతనే గరాటుగా వాడేవారు కూడా కొందరున్నారు. వారి పాలు ఎవరివో సంఘంలో క్యాను మూత తీయగానే టెస్టరుకు తెలిసిపోతున్నది.